మురళి ఇడిసిండ్రు

నాందేడ్, వజీరాబాద్
8 జనవరి 1979

పూజ్యురాలైన పెద్దమ్మకు సుమంగళ నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమమే, నా మడమల పగుళ్లు తప్ప. ఆ పగుళ్లు ఎలా వచ్చాయో చెప్పడానికే ఈ ఉత్తరం. ఎప్పటిలాగే గిర్నీ మారయ్యగారే చదివి వినిపిస్తారు కాబట్టి ఆయనకూ నమస్కారం. మారయ్యగారూ, దయచేసి పిండి మిషను ఆపి చదవండి. పోయినసారి నేను 'మామిడి ఒరుగులు పంపాను' అని రాస్తే, ఆ మోతలో మా పెద్దమ్మకు 'మామను ఉరుకులు పెట్టించాను' అని వినబడిందట. నెల రోజులు మా మామగారి గురించి బెంగపెట్టుకుంది.

పెద్దమ్మా, మేము మాళేగావ్ జాత్రకు వెళ్లి మూడు రోజులు పాల్ వేసుకుని ఉన్నాం. ఖండోబా జాత్ర. మనవైపు మల్లన్న అంటామే, ఆ దేవుడే. వెళ్లింది మా శుక్రవారం భజన వాళ్లం ముగ్గురమే: పక్క సందులో నూనె దుకాణం వాళ్ల విమలాబాయి, ఆమె తోడికోడలు సుందరాబాయి, నేను. మగవాళ్లెవరూ లేరు. మా ఇంటాయన నందకిషోర్ గారు విని కుర్చీలోంచి లేచారు. "మూడు దినాలు బయట పండుకుంటరా? మీకేమన్న పిచ్చి లేసిందా?" అన్నారు. విమలాబాయి వెంటనే, "పిచ్చి కాదు భావ్‌జీ, పాటలు. రెంటికీ ఫరక్ తెల్వనోళ్లు దుకాణంల కూసోవాలె" అంది. దుకాణంలో కూర్చున్నారు.

బయల్దేరే ముందు విమలాబాయి "పాల్ నేను తెస్త" అంటే నేను పాల చెంబు తోమి సిద్ధంగా పెట్టాను. ఆమె లారీ మీద కప్పే తాడుపత్రి భుజాన వేసుకుని వచ్చింది. ఇక్కడ గుడ్డ డేరాను పాల్ అంటారట. పన్నెండేళ్లు కాపురం చేసినా బోధన్‌లో పుట్టిన దాన్ని కదా, ఈ ఊరి మాటలు నన్ను ఇంకా బోల్తా కొట్టిస్తూనే ఉన్నాయి.

డేరా వేయడం మాకెవరికీ రాదు. వేసింది రెండుసార్లు కూలింది. మూడోసారి గాడిదల బజారు పక్కన వేశాం, అక్కడే జాగా దొరికింది. ఒక గాడిద మా జొన్నరొట్టెల మూట సగం తిని, పచ్చిమిరప ఠేచా తగిలాక అరిచిన అరుపు జాత్ర మొత్తం విన్నది. ఇక పాటలంటావా, ఒక చెవిలో తమాషా వాళ్ల ఢోల్కి, ఇంకో చెవిలో గోంధళి పాటగాళ్ల సంబళం మోత. ఏ పాట ఎక్కడ మొదలై ఎక్కడ తెగుతుందో తెలియదు. సుందరాబాయి చెవుల్లో దూది పెట్టుకుంది. పాటలు వినడానికి వచ్చిన మనిషి! అయినా పెద్దమ్మా, నా జన్మలో అంత సంతోషంగా ఎన్నడూ లేను. వంటకు మూడు రాళ్లు, కూర్చుంటే పాట, లేస్తే పాట, "ఏమే, అన్నం పెట్టు" అనేవాళ్లు లేరు.

ఇప్పుడు అసలు సంగతి. రెండో రోజు పొద్దున నేను గిన్నెలు తోముతున్నాను. పక్క పాల్‌లో ఖండోబా పాటలు పాడే ఒక మేళం దిగింది. అందులో ఒక పెద్దామె, ముఖమంతా పసుపు, చేతిలో గంట, పళ్లు తోముకుంటూ తనలో తాను పాడుకుంటోంది. చుట్టూ అంతా మరాఠీ. ఆమె పాడేది తెలుగు! అదీ ఏ పాట? కాలం చేసిన మా అమ్మ ఇసుర్రాయి దగ్గర పాడే పాట. మీ అమ్మ కట్టిందని, మన ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేదని చెప్పేదే, అది. అమ్మ పాడేది ఇలా:

పెద్దదానికి వెండి కడెం, నడిపిదానికి పట్టుపోగు,
యమునకు ఏమున్నదే, అమ్మ ఒడి ఉన్నదే.

ఆమె పాడింది మాత్రం ఇలా:

పార్వతికి వెండి కడెం, రఖమకు పట్టుపోగు,
యమునకు ఏమున్నదే, అమ్మ ఒడి ఉన్నదే.

తోముతున్న గిన్నె బూడిదతోనే వదిలేశాను. వెళ్లి, "అమ్మా, గీ పాట మీకెట్ల తెలుసు?" అన్నాను. "నువ్వెవలు?" అంది, చెప్పుల్లేక చలికి పగిలిన నా మడమలు చూస్తూ. "కర్ఖేలి యమున బిడ్డను" అన్నాను, అమ్మ పుట్టిన ఊరి పేరు చేర్చి. ఆమె చేతిలోని గంట కింద పెట్టింది. తర్వాత, "పార్వతి బతికున్నదా?" అని అడిగింది. పార్వతి ఎవరో నాకు తెలిస్తే కదా! ఇంతలో పక్కనుంచి ఎవరో "పార్వతీబాయీ, చహా" అని చాయ్‌కి పిలిస్తే ఆమే పలికింది. నేను తికమకపడి, "పార్వతి మీరే కదా?" అన్నాను. ఆమె ఏడ్చేసింది. "నా పేరు నాకియ్యమని చెప్పు" అని లోపలికి పోయింది.

ఎవరికి చెప్పాలి? ఏ పేరు?

ఆమె పాడిన పాటలో రఖమ పేరు ఉంది కాబట్టి, మా అమ్మ నడిపి అక్క రఖమా పెద్దమ్మ సంగతి ఈ మేళానికి తెలిసి ఉంటుందని నాకు తోచింది. మా అమ్మను ఎప్పుడు అడిగినా ఒక్కటే మాట చెప్పేది: "రఖమక్కను మురళి ఇడిసిండ్రు." అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ లేదు. మురళి అనే పెద్దనాన్న ఆమెను వదిలేశారని, ఆ దిగులుతో ఆమె పోయిందని అనుకుంటూ పెరిగాను. బోధన్ బడిలో మురళి అనే పేరున్నవాడు ఎవడు కనబడినా నాలుక బయటపెట్టేదాన్ని. అందుకని ఆ మేళంలో ఎవరెవరున్నారని అడిగితే విమలాబాయి "గా ముసలామె మురళి" అన్నప్పుడు, 'ముసలామె, మురళి' అని ఇద్దరు మనుషులుగా విన్నాను. మేళం పెద్ద మారోతి అనే ముసలాయన డప్పు వేడి చేసుకుంటూ కూర్చున్నాడు. నేరుగా వెళ్లి, "నువ్వేనా మురళివి? మా పెద్దమ్మను ఇడిసిపెట్టనీకె నీకు మనసెట్లొచ్చింది?" అని అడిగేశాను. ఆయన నోరు తెరిచి, "నేను వాఘ్యాను బాయీ, ఖండోబా పాటలు పాడే మగోన్ని. మురళి ఆమె" అన్నాడు. మగవాడు మురళి కాదు, ఆడది మురళి! చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. విమలాబాయి నా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది, ఇంటికి పోయాక చెప్తానంది, ఇంకా చెప్పలేదు.

మూడో రోజు పొద్దున చూస్తే వాళ్ల పాల్ లేదు. మూడు రాళ్లు, బూడిద.

పెద్దమ్మా, నాకు ఒక్కటే చెప్పు. పార్వతి ఎవరు?

నీ బిడ్డలాంటి
సుమంగళ

కిన్వట్
27 జనవరి 1979

చిరంజీవి సౌభాగ్యవతి సుమంగళకు, మీ పెద్దమ్మ సుశీలాబాయి ఆశీర్వదించి రాయించేది, గిర్నీ మారయ్య చేతిరాత.

అమ్మా, మీరు చెప్పినట్టు మిషను ఆపుదామంటే పదకొండు డబ్బాల జొన్నలు వరుసలో ఉన్నాయి. కాబట్టి వినబడినంత రాస్తున్నాను. వినబడనిది నాది కాదు.

మీ ఉత్తరం చదివి వినిపించాను. ఆమె మొదట చెప్పిన మాట: "రఖమ సచ్చిపోయిందని రాయి." రాశాను. రెండో మాట: "గా జాత్రల తిరిగేటోళ్లు నూరు పేర్లు జెప్తరు, వెయ్యి పాటలు వాడుతరు. నువ్వు సంసారం జేసుకునే దానివి, గిట్ల పాలేసుకుని తిరుగుడేంది? మళ్ల పోకు." రాశాను. మూడో మాట జొన్న అయిపోయి సజ్జ పోశాక అన్నది: "ఆమె ఎడమ చేతి చిటికెన ఏలు వంకరున్నదా అని అడుగు."

చచ్చిపోయినామెకు వేలు వంకరైతే ఏమిటమ్మా అని నేను అడిగాను. "నువ్వు రాసేటోనివా, అడిగేటోనివా?" అంది. రాసేవాణ్ణే. అందుకే రాశాను.

పార్వతి సంగతి ఏం రాయమంటావంటే వినబడనట్టు కూర్చుంది. ఇన్నాళ్లూ మిషను మోతలో నాకు వినబడనివన్నీ ఆమెకు వినబడేవి. ఇవాళ మొదటిసారి ఆమెకు వినబడలేదు.

ఇంకొక సంగతి. మీ ఉత్తరం వచ్చిన రోజే వాళ్ల బాబురావు కూతురికి, అంటే మీ పెద్దమ్మ మనుమరాలికి, జ్వరం తగిలింది. పిల్లలకు జ్వరాలు రావా? కానీ ఈమె తలగడ కిందనుంచి మీ ఉత్తరం తీసి నా దగ్గర దాచమని ఇచ్చింది. ఇంట్లో ఉండవద్దట. పిండి డబ్బాల మీద అటకలో పెట్టాను. ఎలుకలు తింటే నా పూచీ లేదు.

ఇట్లు
గిర్నీ మారయ్య

నాందేడ్
12 ఫిబ్రవరి 1979

పెద్దమ్మకు,

నమస్కారాలు రాయలేదని మారయ్యగారు అనుకోవచ్చు. రాయబుద్ధి కాలేదు.

నిన్న విమలాబాయి ఇంట్లో అప్పడాలు ఒత్తుతుంటే మళ్లీ అడిగాను. ఈసారి చెప్పింది. బిడ్డకు జబ్బు చేస్తేనో, ఇంకేదన్నా ఆపద వస్తేనో, బతికితే నీకే ఇస్తామని తల్లిదండ్రులు ఖండోబాకు మొక్కుకుంటారట. తర్వాత ఆ ఆడపిల్లకు పసుపు చల్లి దేవుడితోనే పెళ్లి చేస్తారట. ఇక ఆమెకు ఇల్లు లేదు, మొగుడు లేడు, జాత్రజాత్రకూ గంట పట్టుకుని పాడుతూ తిరగడమే. ఆ పిల్లనే మురళి అంటారు. "మేం మురళీ సోడలీ అంటం. సోడలీ అంటే మీ తెలుగుల ఇడిసిండ్రు" అంది విమలాబాయి. అప్పడాల పిండి నా చేతికి అలాగే ఎండిపోయింది.

రఖమక్కను మురళి ఇడిసిండ్రు.

ముప్పై ఏళ్లుగా ఆ 'ఇడిసిండ్రు' ఒక పెద్దమనిషికి ఇచ్చిన మర్యాద అనుకున్నాను. మురళిగారు వదిలేశారని. మురళి అనే మనిషే లేడు. ఇడిసింది మీరు. మీ ఇల్లు. కన్న తల్లిదండ్రులు! మా అమ్మ అప్పటికి మూడేళ్ల పిల్ల, ఆమెకేం తెలుసు? పెద్దలు అన్న మాటను చిలకలా నాకు అప్పజెప్పింది. నువ్వు పెద్దదానివి. నీకు తెలుసు. తెలిసే 'సచ్చిపోయిందని రాయి' అన్నావు.

కోపంగా ఉన్నాను, ఏడుపు కూడా వస్తోంది. రెండూ కాక ఇంకొకటి కూడా ఉంది, అది నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఏమీ అర్థం కావడం లేదు. జాత్రలో నేను చూసిన ఆమె రఖమా పెద్దమ్మే అయితే, మేళంలో అందరూ ఆమెను పార్వతీబాయి అని ఎందుకు పిలుస్తున్నారు? పాటలో పెద్దదానికి పార్వతి అని పేరుంది. పెద్దదానివి నువ్వు. నీ పేరు సుశీల. మీరు ముగ్గురు అక్కచెల్లెళ్లా, నలుగురా? ఆ నాలుగో ఆమె ఏమైంది? నేను వేళ్ల మీద లెక్కపెట్టి లెక్కపెట్టి విసిగిపోయాను.

వేలంటే గుర్తొచ్చింది. ఆమె చిటికెన వేలు నేను చూడలేదు. చూస్తాను. ఆమెను వెతుకుతాను, చూసి వచ్చి చెప్తాను. నీకు ఇష్టం ఉన్నా లేకపోయినా.

సుమంగళ

కిన్వట్
3 మార్చి 1979

సుమంగళకు. పార్వతి అనే పేరు మళ్లీ రాయవద్దు. పిల్లకు జ్వరం తగ్గి మళ్లీ వచ్చింది. ఉత్తరాలు రాయవద్దు. నీ పెద్దమ్మ సుశీలాబాయి.

(కార్డు అంచున, సన్నని అక్షరాలతో)

అమ్మా, పైన రాసింది ఆమె చెప్పింది. ఇది నేను రాస్తున్నది. మీ ఉత్తరంలో ఆ పేరు చదవగానే ఆమె చేటలోని జొన్నలు నేల మీద కుమ్మరించింది. ఉత్తరం చింపెయ్యమంది. సగం చింపాక వద్దంది. అన్నం మెతుకులతో అతికించి ఉంచాను. కార్డు మీద జాగా లే

నాందేడ్
20 నవంబరు 1979

పూజ్యురాలైన పెద్దమ్మకు సుమంగళ నమస్కారాలు.

తొమ్మిది నెలలు నువ్వు చెప్పినట్టే విన్నాను. ఇక నావల్ల కాదు. కోపం కూడా అరిగిపోయింది. పిల్ల జ్వరం ఎప్పుడో తగ్గిపోయిందని, బడికి పోతోందని మారయ్యగారు వేరే కార్డు రాశారు. నీకు చెప్పకుండా రాసినందుకు ఆయనను ఏమీ అనకు.

పెద్దమ్మా, ఆమె దొరికింది. వెతికి పట్టుకోలేదు, ఆమే మా వీధికి వచ్చింది. మా వెనక సందులో పెళ్లి జరిగితే ఖండోబా పేర పాటలు పెట్టించారు. పొద్దున నీళ్ల పంపు దగ్గర నిలబడి పంపు వాడితో పోట్లాడుతోంది. "గిన్ని నీళ్లకు గంత మోతేంది?" అని. నేను గుర్తుపట్టేలోపే ఆమె నన్ను గుర్తుపట్టి, "యమున బిడ్డా, మడమలు మానినయా?" అంది. ఇంటికి తీసుకొచ్చి చాయ్ ఇచ్చాను. మా ఇంటాయన కుర్చీ వేశారు. ఆమె కుర్చీలో కూర్చోలేదు, ఆయన్నే కూర్చోమని తాను గడప మీద కూర్చుంది.

నువ్వు అడిగిన వేలు చూశాను. వంకరగానే ఉంది. "ఇసుర్రాయిల వడ్డది. అక్క తిప్పుతున్నది, నేను పాట మీద పడి ఏలు తియ్యలే" అని నవ్వింది. దగ్గు కూడా ఉంది. గట్టి దగ్గు. మేళం పెద్ద మారోతి చెప్పాడు, ఈ జాత్ర తర్వాత ఆమెను ఇక తిప్పరట, తన కూతురి ఊళ్లో ఉంచుతాడట. నా తిట్లు తిన్నవాడే, మంచివాడు పెద్దమ్మా.

నేను ధైర్యం చేసి అడిగాను, "మీరు రఖమా పెద్దమ్మ కదా, మరి పార్వతి ఏంది?" అని. ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టింది. "పార్వతి మా అక్క పేరు పిల్లా. యాభై ఏండ్లు నేను మోసిన. ఇగ బరువైతున్నది. తీసుకపొమ్మను" అంది.

"మా పెద్దమ్మ పేరు సుశీల కదా?"

"గది అత్తగారోళ్లు పెట్టింది. పెండ్లిల పేరు మార్చరా? మీ కాడ మార్చరేమో, గీడ మారుస్తరు."

మా పెళ్లిలో నా పేరు మార్చలేదు కాబట్టి నాకు ఈ ఆలోచనే రాలేదు. అప్పుడు కొంచెం అర్థమైంది. కాకపోతేనే బాగుండు అనిపించింది. పాటలో పార్వతివి నువ్వు. కానీ నీ పేరు ఆమె దగ్గరికి ఎలా వెళ్లింది? ఎంత అడిగినా చెప్పలేదు. "గది అక్క జెప్పాలె. నేను జెప్తే చాడీ అయితది" అంది. ఆమెకు నీ మీద కోపం ఉందో, ప్రేమ ఉందో నాకు తెలియలేదు. రెండూ ఒకే గొంతుతో మాట్లాడుతోంది. మారోతి మాత్రం ఈ పేర్ల గోల వచ్చినప్పుడల్లా ఆమెకు మతి తప్పుతుందని అంటాడు. నాకేమో మతి తప్పేది ఆమెకు కాదు, నాకే అనిపిస్తోంది.

ఆమెకు కావలసింది ఒక్కటే. తన పేరు పెట్టి తనను పిలవాలి. "నేను పిలుస్తాను, రఖమా పెద్దమ్మా" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "నువ్వు పిలిస్తే యేం లాభం? తీసినోళ్లే ఇయ్యాలె. అమ్మా నాయినా పోయిండ్రు. ఇగ అక్క ఒక్కతే ఉన్నది. సచ్చి మల్లన్న ముంగట నిలబడితే ఏ పేరు జెప్పాలె నేను? పార్వతి అంటే అబద్ధం. రఖమ అంటే ఆయన లెక్కల లేదు."

వచ్చే నెల 18న జాత్ర మొదలు. మేము ముగ్గురం 17నే వెళ్లి పాల్ వేస్తున్నాం, ఈసారి ఆమె మేళం పక్కనే. సుందరాబాయి దూది తేనని ఒట్టు పెట్టుకుంది. నువ్వు వస్తావని నేను అనుకోవడం లేదు. కనీసం ఒక ముక్క రాయించు. ఆమె దగ్గర కూర్చుని నేనే చదువుతాను.

సుమంగళ

కిన్వట్
10 డిసెంబరు 1979

సుమంగళమ్మకు గిర్నీ మారయ్య నమస్కారాలు.

ఇవాళ గిర్నీకి సుట్టి. నేను ఇవ్వలేదు, మీ పెద్దమ్మ ఇప్పించింది. పొద్దున వచ్చి గేటు మూయించి, డబ్బాలతో వచ్చిన వాళ్లందరినీ రేపు రమ్మని పంపించింది. మిషను పట్టా తానే తీసి దూరంగా పడేసింది. తర్వాత నా ఎదురుగా నేల మీద కూర్చుని, చెప్పింది చెప్పినట్టు రాయమంది. ఒక్క అక్షరం కూడా పుస్తకాల తెలుగులోకి దిద్దవద్దంది. పదిహేడేళ్లుగా ఆమె ఉత్తరాలు రాస్తున్నాను, ఇవాళ తప్ప ఏనాడూ పూర్తిగా వినలేదని తెలిసింది. ఇది మీకు కాదు. మీరు చదివి వినిపించవలసింది.

చెల్లె రఖమకు,

నీ అక్క జెప్పి రాపిచ్చేది. యమున బిడ్డ సదువుతది. మొత్తం ఇని, అటెన్క తిట్టు. నడుమల లేసి పోకు, నీకు గా అలవాటున్నది.

నాకు ఆరేండ్లప్పుడు జరమచ్చింది. నువ్వు చిన్న పోరివి, నీకు యాదుండది. పన్నెండు దినాలు కండ్లు తెరవలేదట. అమ్మ మల్లన్న ముంగట కొంగు పరిచి, "నా పార్వతి బతికితే నీకే ఇడుస్త" అని మొక్కింది. నేను బతికిన. మొక్కు ఉండిపోయింది.

నాకు పదమూడేండ్లు రాంగనే కిన్వట్ సంబంధమచ్చింది. నాయిన మాటిచ్చిండు. గదే యేడు మేళపోళ్లు అచ్చి, మొక్కిన పిల్లేది అన్నరు. అమ్మ ఏడ్సింది. నాయిన రాత్రంత అరుగు మీద కూసొని పొద్దుగాల లోపటికచ్చి ఒక మాటన్నడు. "దేవునికి పేరు జెప్పినం. మనిషిని సూపియ్యలే." నాకు ఇయ్యాల్టికి గా మాట ఇనబడుతది. గంత తెలివి మన నాయినకు యాడికెళ్లి అచ్చిందో. పంట అమ్మేటప్పుడు ఎన్నడు రాలే.

నిన్ను పీట మీద కూసోబెట్టి పసుపు సల్లిండ్రు. నీకు తొమ్మిదేండ్లు. కొత్త పరికిణి అని సంబురపడ్డవు. అయ్యగారు "పార్వతీ" అని మూడు మాట్ల పిలుస్తడు, ఆఁ అను అని నాయిన నీకు జెప్పి పెట్టిండు. మొదటి మాటు పిలిస్తే నువ్వు పలుకలే. నువ్వు నా దిక్కు సూసినవు. గా పేరు నాది గదా, నేనే పలుకుత అనుకున్నవు నువ్వు. అక్కా, నిన్నే పిలుస్తుండ్రు అన్నట్టు సూసినవు.

నేను తల దించుకున్న.

రఖమా, గదే నేను జేసిన పని. ఎవలు నా నోరు మూయలే. గప్పుడు లేసి "పార్వతిని నేను" అంటే అయిపోవు. నోరు రాలే. పెండ్లి చీర యాదికచ్చింది, భయం యాదికచ్చింది, ఏదో యాదికచ్చింది. మూడో మాటుకు నువ్వు ఆఁ అన్నవు.

అత్తగారింట్ల సుశీల అని పేరు పెడితే మంచిగైంది అనుకున్న. దేవునికి ఇగ నేను దొరుక అనుకున్న. యాభై ఏండ్ల సంది బజార్ల ఎవలన్న పార్వతీ అని పిలిస్తే నా పానం గుడ్లల్లకు అస్తది. నువ్వు సచ్చిపోయినవని అందరికీ నేనే జెప్పిన. యమునకు గూడ జెప్పిన. యమున బిడ్డ రాసిన నాడు మనుమరాలికి జరమచ్చింది. దేవుడు నా జాడ పట్టిండు అనుకున్న. ఉత్తరం ఇంట్ల ఉంచలే. నువ్వు నీ పేరడిగితే, నీ పేరిస్తే నా పేరు నా మీదికి అస్తది, మొక్కు నా మీదికి అస్తది, పిల్ల మీదికి అస్తది అని సప్పుడు జెయ్యకుంట కూసున్న. డాక్టరు మూడు గోలీలిచ్చిండు, పిల్ల లేసి ఆడుకున్నది. గప్పటి సంది నాకు ఒకటే అనుమానం. నేను దేవునికెళ్లి దాసుకుంటున్ననా, నీకెళ్లి దాసుకుంటున్ననా? తొమ్మిది నెలలు సోంచాయించిన. నీకెళ్లే.

మొక్కు నా మీదికి అస్తే రానీ. నాకు అరువై మూడు. దేవుడు నన్ను తీసుకపోయి యేం జేసుకుంటడు, నాకు పాట గూడ రాదు.

నీ పేరు నీకిస్తున్న. మారయ్యకు జెప్పి మూడు మాట్ల రాపిస్తున్న, సుమంగళ మూడు మాట్ల గట్టిగ సదవాలె, మేళం మొత్తం ఇనాలె.

రఖమా.
రఖమా.
రఖమా.

గీ కాయితం సాలదని నాకు తెలుసు. తీసినోళ్లు నోటితోనే ఇయ్యాలె, కాయితంతోటి గాదు. పదిహేడు తారీకు పొద్దటి బండికి మారయ్యను తోడుకొని నాందేడ్ అస్త, ఆడికెళ్లి బస్సుల మాళేగావ్ అస్త. బాబురావుకు జెప్పలే. గాడిదల బజారు కాడ దిగుత. గంత మందిల నన్ను నువ్వు గుర్తుపట్టవు. పండ్లు ఊడినయి, నడుము వంగింది, నువ్వు సూసిన అక్కను కాను. ఎదురుంగ ఏ ముసలిదొచ్చినా పార్వతీ అని పిలిచి సూడు.

పలుకుత.